బందరు బ్యాంకు లక్ష రూపాయలు

1923 నవంబరు 28న మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పని మొదలుపెట్టింది. కాగితం మీద మూలధనం పది లక్షలు. చేతికొచ్చింది మాత్రం లక్ష. పెట్టినాయన షావుకారు కాదు, జమీందారు అంతకన్నా కాదు. ఊళ్లో వైద్యుడిగా పేరు తెచ్చుకుని, ఆ రాబడి వదులుకుని జాతీయోద్యమంలోకి దిగిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. మచిలీపట్నాన్నే మేం బందరు అంటాం. నాది ఆ ఊరే. మా నాన్నగారి ఖాతా ఆ బ్యాంకులోనే ఉండేది. నేను వేరే ప్రభుత్వ బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. దేశభక్తికీ దేశం బాగుపడటానికీ లంకె ఏమిటని మా పిల్లలు అడిగితే నేను చెప్పేది ఈ లక్ష రూపాయల సంగతే.

అది అర్థం కావాలంటే ముందు మా రేవు సంగతి తెలియాలి. 1611లో ఈస్టిండియా కంపెనీ బందరులో వర్తక స్థావరం పెట్టింది. వాళ్లని ఇంతదూరం రప్పించింది మన నూలు బట్ట, దాని మీది అద్దకం. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ మీద, తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిమితో నల్లటి గీత వేస్తారు. పటిక అద్దిన చోట, రంగు నీళ్లలో ఉడకబెట్టినప్పుడు ఎరుపు తేలుతుంది. మళ్లీ కాలవ నీళ్లలో జాడించాలి. ఎన్ని ఉతుకులు పడినా ఆ రంగు దిగదు. పెడనలో టేకు అచ్చులతో ఈ పని చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రోజుల్లో మన దేశపు అద్దకం గుడ్డల కోసం ఇంగ్లండు ఆడవాళ్లు ఎగబడ్డారు. దాంతో అక్కడి నేతగాళ్ల మగ్గాలు మూలపడ్డాయి. 1719లో లండన్ పట్టు నేతగాళ్లు వీధుల్లో మన గుడ్డ కట్టుకుని కనపడిన ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. అద్దకం బట్టలు దేశంలోకి తేకూడదని 1700లోనూ, అసలు కట్టుకోనేకూడదని 1721లోనూ వాళ్ల పార్లమెంటు చట్టాలు చేసింది. తమ నేతగాడి కూడు కాపాడుకుని, తమ మిల్లులు కాళ్లూనుకున్నాక, మనకి స్వేచ్ఛా వాణిజ్యం గురించి పాఠాలు చెప్పి లాంకషైర్ బట్ట దింపారు.

వర్తకానికి దేశాభిమానంతో పనేమిటి, ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ కొనుక్కోవడమే కదా అనేవాళ్లకి నేను చూపించే మొదటి సాక్షి ఇంగ్లండే. ఆడవాళ్ల బట్టలు చింపడం దేశభక్తి కాదు, దౌర్జన్యం. కానీ మన మగ్గం బతకాలని ఒక జాతి పట్టుపడితే లెక్కలు ఎలా తారుమారవుతాయో బందరు తన ఒంటి మీద తెలుసుకుంది.

ఇక మా డెల్టా. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక చేలు పండాయి, ధాన్యం అమ్మగా డబ్బు మిగిలింది. మిగిలిన డబ్బు ఏమయ్యేది? బంగారమయ్యేది, లేకపోతే ఇనప్పెట్టెలో ఉండేది, లేకపోతే వడ్డీ వ్యాపారి చేతిలో పడి పక్క రైతు మెడకి ఉరితాడయ్యేది. మద్రాసులో పెద్ద బ్యాంకులుండేవి గానీ వాటి చూపంతా తెల్లదొరల కంపెనీల మీదే. నమ్మి దాచుకుందామంటే 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలి దాచుకున్నవాళ్లని ముంచింది. ఆ మంటలోంచే మరుసటేడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. స్వదేశీ ఊపులో దేశమంతా పుట్టిన బ్యాంకుల కథ కూడా అంత గొప్పగా ఏమీ లేదు. 1913, 1918 మధ్య తొంభైకి పైగా బ్యాంకులు మూతపడ్డాయి. పేరులో స్వదేశం ఉన్నంత మాత్రాన డిపాజిట్ భద్రంగా ఉండదని జనానికి బాగా తెలిసొచ్చింది.

అలాంటి కాలంలో ఒక డాక్టరు వచ్చి మీ డబ్బు నాకివ్వండి అంటే ఎందుకిస్తారు?

ఇచ్చారు. దానికి కారణం అంతకు ముందు ఇరవయ్యేళ్లుగా బందరులో జరిగిన పని. 1902 నుంచి కృష్ణాపత్రిక ఇంటింటికీ వెళ్తోంది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడి వెళ్లాక కుర్రాళ్ల నెత్తురు ఉడుకెత్తింది. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి గారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. చదువుతో పాటు చేతిపనులూ నేర్పారు. చందాలు పోగుచేశారు, ఆ చందాలతో ఏం చేశారో ఊరంతా కళ్లారా చూసింది. వీళ్లు జేబులో వేసుకునే మనుషులు కారని అలా తెలిసింది. ఆ తరవాతే బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు కూడా పట్టాభి గారి చేతి మీదుగానే వచ్చాయి.

అర్థశాస్త్రంలో పెట్టుబడి, శ్రమ, భూమి అని చదువుకుంటాం. బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాడిగా నేను వీటన్నిటికన్నా ముందు నమ్మకాన్ని పెడతాను. గుడివాడ రైతు దాచుకున్న డబ్బు, ముఖం కూడా చూడని తెనాలి వర్తకుడికి అప్పుగా వెళ్లాలి. బంధువు కాదు, కులం కాదు, తెలిసినవాడు కాదు. మధ్యలో ఏదో ఒకటి ఇద్దర్నీ కలపాలి. మనమంతా ఒక దేశం వాళ్లం, ఇది మన సంస్థ అన్న భావన ఆ పని చేస్తుంది. దేశభక్తి సంపదని నేరుగా పుట్టించదు. ముక్కూమొహం తెలియనివాళ్ల డబ్బు ఒకచోట చేరేలా చేస్తుంది. చేరిన డబ్బుతోనే మిల్లు లేస్తుంది, మోటారు తిరుగుతుంది. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారానికి 1907లో లండన్ మార్కెట్టులో డబ్బు పుట్టకపోతే, బొంబాయిలో షేర్లు అమ్మకానికి పెట్టిన మూడు వారాల్లో సుమారు 8 వేల మంది భారతీయులు కొన్నారు. లాభం లెక్క చూసుకుని కొన్నవాళ్లూ ఉంటారు వాళ్లలో. లెక్కా, అభిమానమూ ఒకే మనిషిలో ఉండటమే నేను చెప్పేది.

అభిమానం ఒక్కటే ఉంటే ఏమవుతుందో తూత్తుకుడిలో చూశాం. చిదంబరం పిళ్లై గారు 1906లో స్వదేశీ నౌకా కంపెనీ పెట్టి, జనం దగ్గర షేర్లు పోగుచేసి కొలంబోకి రెండు ఆవిరి ఓడలు నడిపారు. పోటీకొచ్చిన బ్రిటిష్ కంపెనీ టిక్కెట్టు ధర దింపుతూ దింపుతూ చివరికి ఉచితంగా ఎక్కించుకుని పైగా గొడుగు కూడా ఇచ్చిందంటారు. 1908లో సర్కారు పిళ్లై గారిని జైల్లో వేసింది. 1911కల్లా కంపెనీ ఎత్తేశారు. ఆ మహానుభావుడి త్యాగం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. నష్టాన్ని ఎక్కువ కాలం ఓర్చుకునే మూలధనం లేకపోతే, నడిపే మనిషి ఒక్కడే అయితే, ఎంత గొప్ప అభిమానమైనా ధరల యుద్ధంలో నిలవదు.

అభిమానానికి తోడు కావాల్సిన నమ్మకం రోజువారీ పనిలో ఎలా నిలబడుతుందో చెప్పాలంటే, నేను పనిచేసిన బ్యాంకులో ఒక సాయంత్రం గురించి చెప్పాలి. కంప్యూటర్లు రాని రోజులు. లెడ్జర్లన్నీ చేత్తో రాసేవాళ్లం. లెక్కలు సరిచూసే రోజున 45 రూపాయలు తేడా వచ్చింది. ఆ రోజుల్లో జీతాల ముందు కూడా అది పెద్ద మొత్తమేమీ కాదు, తలా కాస్త వేసుకుంటే సరిపోతుందని ఒక కుర్ర గుమాస్తా అన్నాడు. మా హెడ్ క్లర్కు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "డబ్బు వేస్తే తేడా పోతుంది గానీ తప్పు పోతుందటయ్యా? నలభై అయిదు తొమ్మిదితో పోతుంది కదా, అంకెలు అటూ ఇటూ పడుంటాయి. వెతకండి" అన్నారు. పాత గుమాస్తాలందరికీ తెలిసిన కిటుకు ఇది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే, ఎక్కడో రెండంకెలు తారుమారై ఉండొచ్చు. ఒకళ్లం ఓచరు చదువుతుంటే ఇంకొకళ్లం లెడ్జరులో టిక్కు పెడుతూ పోయాం. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. చివరికి దొరికింది. కూరగాయలమ్మే ఒకావిడ 72 రూపాయలు కడితే ఖాతాలో 27 పడింది. ఆవిడకి చదువు రాదు. ఆ తప్పు జన్మలో ఆవిడకి తెలిసేది కాదు. హెడ్ క్లర్కు గారు ఎర్ర సిరాతో దిద్ది, పక్కన సంతకం పెట్టి, అప్పుడు గానీ లేవలేదు.

ఆయన నోట దేశభక్తి అన్న మాట నేనెప్పుడూ వినలేదు. నేను చూసిన దేశభక్తుల్లో ఆయనది మాత్రం మొదటి వరస.

దేశభక్తి అనగానే చెప్పే కొరియా కథ చాలామంది వినే ఉంటారు. 1997 చివర్లో దక్షిణ కొరియా దివాలా అంచుకొచ్చి, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) ముందు చెయ్యి చాచాల్సి వచ్చింది. 1998 జనవరి నుంచి జనం బ్యాంకుల ముందు వరసకట్టి పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజుకి పెట్టిన ఉంగరాలు తెచ్చిచ్చారు. సుమారు 35 లక్షల మంది 227 టన్నుల బంగారం ఇచ్చారు. విలువ రెండు వందల కోట్ల డాలర్ల పైచిలుకు. ఈ కథ చెప్పేవాళ్లు వదిలేసే ముక్కలు రెండున్నాయి. ఒకటి, అది దానం కాదు. తూకం వేసి రసీదిచ్చి, అమ్మాక వచ్చిన ధర కొరియా డబ్బులో తిరిగి చెల్లించారు. రెండు, మొత్తం సహాయం 5,800 కోట్ల డాలర్లయితే అందులో ఈ బంగారం కొసరు మాత్రమే. అప్పు తీర్చింది ఎగుమతులు, కంపెనీల ప్రక్షాళన, ఉద్యోగాలు పోగొట్టుకున్న లక్షల మంది కష్టం. 2001 ఆగస్టులో గడువుకి మూడేళ్ల ముందే ఐఎంఎఫ్ అప్పు తీర్చేశారు. మరి బంగారం ఏం చేసింది? మేమంతా భరిస్తాం, మీరు సరిగ్గా నడపండి అని పాలకులకి చెప్పింది. ఆ మాట విలువ టన్నుల్లో తూగదు.

మన హైదరాబాదులోనూ ఇలాంటిదొకటుంది. 1965 యుద్ధం తరవాత ఆఖరి నిజాం టన్నుల కొద్దీ బంగారం దేశానికి దానం చేశారని చెప్పుకుంటారు. ఆయన జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టింది 425 కిలోలు, ఆరున్నర శాతం వడ్డీ మీద. ఇది తెలిస్తే కొందరు చిన్నబుచ్చుకుంటారు. నాకు ఇందులో తక్కువేమీ కనపడదు. అవసరంలో ఉన్న ప్రభుత్వం మాట మీద నమ్మి డబ్బు పెట్టడం ఒక పౌరుడు చేయదగ్గ పనే. వడ్డీతో తిరిగివ్వడం ప్రభుత్వం చేయాల్సిన పని.

దేశం పేరు చెప్పి నాసిరకం సరుకు అంటగట్టడం మాత్రం నేను ఒప్పుకోను. మా తరం స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసింది. వచ్చిన బండిని ఒక పక్కకి వంచితే గానీ స్టార్టయ్యేది కాదు. పోటీ లేకుండా గోడలు కట్టి, కొనేవాడి ఓర్పుకి దేశభక్తి అని పేరు పెడితే, లాభపడేది దేశం కాదు, గోడ లోపలి నాలుగు కంపెనీలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. దేశీయం కదా అని జనం కొనలేదు, తలనొప్పి తగ్గింది కాబట్టి కొన్నారు. ఆ లాభం ఆయన 1908లో ఆంధ్రపత్రికకి పెట్టారు, గ్రంథాలయాలకి పెట్టారు. స్వదేశీ వ్యాపారం నడవాల్సిన తీరు అది. ముందు సరుకు బాగుండాలి, తరవాత లాభం ఊరికి చేరాలి.

బ్యాంకు అప్పుల ఎగవేతల విషయం రాయకపోతే నా అరవై ఏళ్లు దాటిన మనసు ఊరుకోదు. తుఫానుకి చేను పోయి కట్టలేనివాడు వేరు. కౌలు రైతు బాధ నాకు తెలుసు. అలాంటివాడికి గడువివ్వడం, అవసరమైతే మాఫీ చేయడం దేశం బాధ్యత. కట్టగలిగీ కట్టనివాడి సంగతి నేను మాట్లాడేది. మిల్లు కోసమని అప్పు తీసుకుని ఆ డబ్బు స్థలాల మీద పెట్టి, ఆగస్టు పదిహేనుకి మాత్రం నిగనిగలాడే ఖద్దరుతో జెండా ఎగరేసిన మనిషిని నేను చూశాను. అదే ఏడాది మా బ్రాంచికి వచ్చే ఒక డ్వాక్రా సంఘం లీడరు, సభ్యురాలు ఒకామె భర్త ఆసుపత్రి పాలైతే మిగతా తొమ్మిది మందితో వేయించి కిస్తీ కట్టింది. ఒక నెల ఆగినా ఫరవాలేదమ్మా అన్నాను. "మేం ఆపితే వెనకాల గ్రూపుకి మీరు లోను ఇవ్వరు కద సార్. వాళ్లేం పాపం చేశారు?" అంది. ఒకడి అప్పు తిరిగొస్తేనే ఇంకొకడికి అప్పు పుడుతుందన్న బ్యాంకింగ్ సూత్రాన్ని ఇంత సూటిగా నాకు ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిశాయి. బందరు బ్యాంకు పేరు పోయిందని మా ఊళ్లో చాలామంది బాధపడ్డారు, నేనూ పడ్డాను. కానీ ఉడుపిలో 1906లో పుట్టిన కార్పొరేషన్, బొంబాయిలో 1919లో పుట్టిన యూనియన్, బందరులో 1923లో పుట్టిన ఆంధ్రా, ఈ మూడు బ్యాంకులూ స్వదేశీ కాలపు బిడ్డలే. పేరు ఏదైనా లోపల ఉన్నది మన డబ్బే.

అందుకని చదివేవాళ్లకి నా విన్నపం. కట్టగలిగిన అప్పు గడువుకి కట్టండి. కొన్న ప్రతి వస్తువుకీ బిల్లడగండి, ఆ పన్ను సర్కారుకి చేరేలా చూడండి. మన సరుకు బాగుంటే గర్వంగా కొనండి, బాగాలేకపోతే చేసినవాడికే మొహమాటం లేకుండా చెప్పండి. రుణమాఫీ చేస్తామంటూ ఓటుకొచ్చినవాళ్లని, ఇన్నాళ్లూ సక్రమంగా కట్టినవాళ్లకి ఏమిస్తారని కూడా అడగండి.