తీగ లేదు, కరెంటు ఉంది

కరెంటు రంపానికి బ్లేడు మార్చాలంటే జాగ్రత్త తెలిసిన వడ్రంగి ముందు ప్లగ్గు పీకుతాడు. పీకిన ప్లగ్గు కంటికి కనిపిస్తుంటేనే పానా పట్టుకుంటాడు. బ్యాటరీ రంపానికి పీకడానికి ప్లగ్గు లేదు, కట్టేయడానికి గోడ మీద స్విచ్చి లేదు. సంచిలో ఉన్నా, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందుతున్నా, బ్యాటరీ ప్యాక్ తగిలించి ఉన్నంతసేపూ అది తిరగడానికి సిద్ధంగానే ఉంటుంది. కాబట్టి ఈ పనిముట్టు కొన్నవారు అన్నిటికంటే ముందు అలవాటు చేసుకోవలసింది బ్యాటరీ ఊడదీయడం. బ్లేడు మార్చేముందు, లోతు సరిచేసేముందు, ఇరుక్కున్న చెక్కముక్క లాగేముందు, పని ముగించి పక్కన పెట్టేముందు ప్యాక్ బయటికి రావాలి.

చేత్తో పట్టుకునే గుండ్రటి కరెంటు రంపం పుట్టి వందేళ్ళు దాటింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన చెరకు నరికే కూలీల శ్రమ చూసి, కత్తికి మోటారు బిగించే ఆలోచనతో మొదలుపెట్టి 1920లలో ఈ రంపం దాకా వచ్చాడు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు దానికి వైరు తప్పలేదు. 2005లో మకిటా, మిల్వాకీ సంస్థలు లిథియం అయాన్ బ్యాటరీతో నడిచే పనిముట్లను మార్కెట్లోకి తెచ్చాక, వైరు లేని రంపం రోజంతా వాడుకోదగ్గ సాధనంగా మారింది.

ప్యాక్‌లో ఏముంది? 18 వోల్టుల ప్యాక్ విప్పి చూస్తే బొటనవేలి పొడవుండే స్థూపాకారపు సెల్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటి 3.6 వోల్టులు. ఐదింటిని వరసగా కలిపితే 18. నిండా చార్జి అయిన సెల్లు 4.2 వోల్టులకు చేరుతుంది కనుక అప్పుడు ప్యాక్ మొత్తం 21 వోల్టులుంటుంది. కొన్ని సంస్థలు డబ్బా మీద 20 వోల్టులని వేసేది కూడా ఈ ఐదు సెల్లుల అమరికకే. 5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో నిల్వ ఉండేది 90 వాట్ అవర్లు. 75 కిలోల వడ్ల బస్తాను దాదాపు 440 మీటర్ల ఎత్తుకు లేపడానికి సరిపోయే శక్తి అది. అరచేతిలో పట్టే డబ్బాలో అంత శక్తి ఉందంటే దాన్ని నింపే పద్ధతిలోనూ, దాచే పద్ధతిలోనూ శ్రద్ధ ఉండాలి.

చార్జర్ మొదట స్థిరమైన కరెంటును పంపి, సెల్లు 4.2 వోల్టులకు చేరగానే వోల్టేజిని అక్కడే ఆపి కరెంటును క్రమంగా తగ్గిస్తుంది. ఈ లెక్క తప్పితే సెల్లు వేడెక్కి లోపలి పొర కరుగుతుంది, మంట అంటుకుంటుంది. ప్యాక్‌కూ చార్జర్‌కూ మధ్య సమాచారం కోసం వేరే పిన్నులుండేది ఇందుకే. సరిపోయినట్టు కనబడిన చార్జర్ ఏదో ఒకటి తగిలించడం, పాత ప్యాక్ విప్పి సెల్లులు తామే మార్చుకోవడం ఈ కాపలాను తీసేయడమే.

వేడి బ్యాటరీకి పెద్ద శత్రువు. టేకు దూలం కోసిన వెంటనే ప్యాక్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. చాలా చార్జర్లు అలాంటి ప్యాక్‌ను పెట్టగానే లైటు వేరేగా వెలిగించి, చల్లారేదాకా ఆగుతాయి. చార్జర్ పాడైందనుకోనక్కర్లేదు. చాలా సంస్థలు చార్జింగుకు 40 డిగ్రీలను పైహద్దుగా చెబుతాయి. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం నీడలోనే అంతకు మించి ఉంటుంది. కాబట్టి వేసవిలో చార్జింగు తెల్లవారుజామున గానీ, గాలి ఆడే గదిలో రాత్రి పడుకునేలోపు గానీ పెట్టుకోవాలి. పొట్టు, ప్లైవుడ్ ముక్కలు, థిన్నర్ డబ్బాలు పక్కన లేకుండా గచ్చు మీదో, రాతిబండ మీదో పెట్టాలి. అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో ప్యాక్‌లు వదలకూడదు. మేకులూ మరలూ ఉన్న సంచిలో విడి ప్యాక్ పడేస్తే ఒక్క మేకు రెండు టెర్మినళ్ళను కలిపి షార్టు చేయగలదు.

చలి దేశాల్లోని తెలుగువారికి దీనికి ఎదురు సమస్య. కెనడాలోనో, మిన్నెసోటాలోనో గ్యారేజీలో సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఉన్న ప్యాక్‌ను చార్జి చేస్తే, లిథియం సెల్లులోని గ్రాఫైట్ లోపలికి ఇంకకుండా దాని మీదే లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగిరాదు. ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జింగ్ పెట్టాలి.

అమెరికా నుంచి నాన్నకో మామయ్యకో ఇలాంటి రంపం తెచ్చేవారు చార్జర్ అడుగున రాసింది చదవాలి. అక్కడి చార్జర్లలో చాలావాటికి 120 వోల్టులే ఆధారం. ఇక్కడి 230లో పెడితే కాలిపోతాయి. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టరు వోల్టేజిని మార్చదు. విమానంలో విడి బ్యాటరీలు చేతి సామానులోనే రావాలి. 100 వాట్ అవర్ల లోపైతే విడిగా అనుమతి అక్కర్లేదు, 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి. రంపం మాత్రం కింద వేసే సామానులోనే.

ఇక బ్లేడు. 165 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 5000 చుట్లు తిరిగితే దాని పంటి వేగం గంటకు 155 కిలోమీటర్లు. బ్లేడు మీది బాణం, గార్డు మీది బాణం ఒకే దిక్కు చూపాలి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం రంపం వేగం కంటే ఎక్కువుండాలి. చెక్కను పొడవునా చీల్చడానికి 24 పళ్ళు చాలు. ప్లైవుడ్ అంచు పెచ్చులు లేవకుండా రావాలంటే 40 గానీ ఇంకా ఎక్కువ గానీ కావాలి. మొండి బ్లేడు మోటారు చేత ఎక్కువ కరెంటు లాగిస్తుంది. కరెంటు రెట్టింపైతే వైర్లలో, సెల్లుల్లో పుట్టే వేడి నాలుగింతలు. కాబట్టి బ్యాటరీ త్వరగా కాగిపోతుంటే బ్లేడు పదును కూడా చూడాలి.

చాలాచోట్ల మార్బుల్ కట్టర్‌కే పళ్ళ బ్లేడు తగిలించి ప్లైవుడ్ కోసేస్తుంటారు. ఆ కట్టర్ పళ్ళు లేని వజ్రపు బిళ్ళ కోసం చేసినది. చాలా మోడళ్ళ వేగం నిమిషానికి 10,000 చుట్లు దాటుతుంది. కోత అయ్యాక స్ప్రింగుతో తనంతట తాను మూసుకునే కింది గార్డు దానికి ఉండదు. చెక్క రంపానికి ఉన్న ఆ గార్డును తాడుతోనో, చెక్కపేడుతోనో తెరిచి ఉంచడం కూడా అంతే ప్రమాదం.

గాయాల్లో భయంకరమైనవి రంపం వెనక్కి ఎగిరినప్పుడు జరుగుతాయి. 8 అడుగుల ప్లైవుడ్ షీటును రెండు స్టూళ్ళ మీద రెండు చివర్లా ఆనించి నడిమికి కోస్తున్నారనుకుందాం. కోత సాగేకొద్దీ రెండు సగాలూ మధ్యలోకి కుంగుతాయి, కోసిన సందు పైభాగాన మూసుకుని బ్లేడును నొక్కిపడుతుంది. చెక్క కదలదు, బ్లేడు ఆగదు. ఆ తిరిగే బలమంతా రంపాన్నే పైకి లేపి, పట్టుకున్న మనిషి వైపు విసురుతుంది.

దీనికి విరుగుడు షీటును ఆనించే తీరులో ఉంది. నేల మీద నాలుగు రీపర్లు పరిచి, కోత గీతకు అటు రెండు, ఇటు రెండు వచ్చేలా షీటు పెట్టాలి. తెగాక కూడా రెండు ముక్కలూ ఉన్నచోటే ఉంటాయి, సందు మూసుకోదు. పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి కనుక లామినేటు ఉన్న మంచి ముఖం కిందికి ఉండాలి. 19 మిల్లీమీటర్ల షీటుకు బ్లేడు 5 మిల్లీమీటర్లే బయటికి వచ్చేలా లోతు బిగించాలి. చెక్కలో బ్లేడు ఎంత తక్కువగా ఉంటే పట్టేసే చోటు అంత తగ్గుతుంది. మనిషి గీతకు సూటిగా వెనక కాకుండా కాస్త పక్కకు నిలబడాలి. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకు తాకించాలి. మధ్యలో ఆగాల్సివస్తే మీట వదిలి, బ్లేడు నిలిచేదాకా రంపాన్ని కదపకూడదు. గీత తప్పితే రంపాన్ని మెలిపెట్టి సరిచేయకుండా, వెనక్కి తీసి మళ్ళీ మొదలెట్టాలి.

తువ్వాలు, వదులు చొక్కా చేతులు, వేలాడే గొలుసు ఏదీ బ్లేడు దగ్గరికి రాకూడదు. రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి. 85 డెసిబెల్స్ దాటిన మోత రోజూ గంటల తరబడి వింటే చెవి దెబ్బతింటుంది, రంపం ఆ హద్దును దాటుతుంది. చెక్కపొట్టును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ముక్కుకు కట్టిన రుమాలు సన్నటి పొట్టును ఆపదు. ఎన్95 తరహా మాస్కు కావాలి.

వాడకుండా నెలలు దాచే ప్యాక్‌ను సగం చార్జితో చల్లటి చోట ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది. ఉబ్బినా, పగిలినా, నీళ్ళలో మునిగినా దాన్ని మళ్ళీ చార్జి చేయకూడదు. టెర్మినళ్ళకు టేపు అంటించి, చెత్తబుట్టలో వేయకుండా అమ్మిన దుకాణానికో ఈ-వ్యర్థాల కేంద్రానికో ఇవ్వాలి. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే.