ఏర్కాడు కొండల మీద సైకిలు

సైకిలును మన ఇళ్ళల్లో పనిముట్టుగా చూశారే గాని విలాసంగా ఎవరూ చూడలేదు. సేలంలో మా నాయన సైకిలు వెనుక చీరల మూట కట్టుకుని పేటలన్నీ తిరిగేవారు. ఆ మూట దిగిన తరువాత గాని మాకు బండి ముట్టుకునే హక్కు ఉండేది కాదు. అట్లాంటి ఇంట పుట్టినవాణ్ణి, డెబ్భయ్యో యేట, సెలవుపూట ఊరికే కొండలు చుట్టి రావటానికి సైకిలు తొక్కండి అని వ్రాస్తున్నానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, తప్పు లేదు. కాని కడదాకా చదవండి. ఈ ముచ్చటను యాభై ఏళ్ళపాటు మా ఇంటి పిల్లలకు దక్కకుండా చేసినవాణ్ణి నేనే.

సేలానికి ఉత్తరంగా, తూర్పు కనుమలలో చేరిన శేర్వరాయన్ కొండలున్నవి. వాటిమీద ఏర్కాడు. మనవాళ్ళు ఈ పేరు వినగానే ఏరు అనుకుని, ఇక్కడ పారే ఏరేదీ అని వెతుకుతారు. తమిళంలో ఏరి అంటే చెరువు, కాడు అంటే అడవి. ఊరి నడుమ చెరువు, చుట్టూ అడవి. పేరు పెట్టినవారు ఎక్కువ కష్టపడలేదు. సేలం తొమ్మిదివందల అడుగుల ఎత్తున ఉంటే, ఏర్కాడు సుమారు నాలుగున్నర వేల అడుగుల ఎత్తున ఉన్నది. ఊటీ, కొడైకానల్ అంత ఎత్తూ లేదు, అంత చలీ లేదు. ఇక్కడ కాఫీ తోటలు 1820 దశకం నాటివి. అప్పటి సేలం కలెక్టరు డేవిడ్ కాక్‌బర్న్ ఈ కొండలకు కాఫీ తెచ్చాడు. ఈనాటికీ ఊరు దాటితే తోటలే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలు, మధ్యమధ్య పనస. ఇంత నీడ ఉన్న కొండ రోడ్డు మన దగ్గరలో మరొకటి నేనెరుగను.

ఇక నా సంగతి. 1972లో నాకు పదిహేడేళ్ళు, తమ్ముడికి పధ్నాలుగు. ఎవరిదో సైకిలు అడిగి తెచ్చుకుని, కొంత తొక్కీ ఎక్కువ నడిపించీ ఏర్కాడు చేరాము. చెరువు చూశాము, వేరుసెనగకాయలు తిన్నాము, తమ్ముణ్ణి కారియరు మీద కూర్చోబెట్టుకుని దిగటం మొదలుపెట్టాను. తుంపర పడుతున్నది. అది కడ్డీ బ్రేకుల సైకిలు, ఇనుప రిమ్ము, బ్రేకు రబ్బర్లు అరిగి నున్నగా ఉన్నవి. తడిసిన ఇనుము మీద అరిగిన రబ్బరు ఏమి పట్టుతుంది? సగం దారిలోనే బ్రేకు నొక్కినా బండి ఆగటం మానేసింది. ఒక మలుపులో రోడ్డు వదలి రాళ్ళలో పడ్డాము. నాకు గీరుకుపోవటంతో సరిపోయింది. తమ్ముడి మోచెయ్యి విరిగింది. ఈనాటికీ వాడు ఆ చెయ్యి పూర్తిగా చాచలేడు.

బయలుదేరేముందు బ్రేకు చూడాలన్న తలంపే నాకు రాలేదు. కాని నాయనతో ఆ మాట చెప్పలేదు. లారీ ఎదురుగా మీదికి వచ్చిందని చెప్పాను. తమ్ముడు పక్కనే కట్టు కట్టించుకుని కూర్చుని విన్నాడు, కాదనలేదు. ఆనాటినుంచి మా ఇంట ఏర్కాడు దారి అంటే ప్రాణాలు తీసే దారి. నాయన పోయిన తరువాత కూడా ఆ మాట నిలిచిపోయింది. మా పిల్లలెవరూ ఆ కొండకు సైకిలు మీద పోలేదు. దారి చేయని తప్పుకు దారిని దోషిని చేశాను.

2023 డిసెంబరులో మా మనవరాలు బడి స్నేహితులతో కలిసి కొండమీద సైకిలు తొక్కుతానని అడిగింది. మా కోడలు ఒక్కటే అన్నది: "చిన్నతాత చెయ్యి చూశావా?" ఆ పిల్ల నావైపు చూసింది. "లారీ లేదమ్మా," అన్నాను. కోడలికి అర్థం కాలేదు. మొత్తం చెప్పవలసి వచ్చింది. అందరూ కాసేపు మాట్లాడలేదు. తరువాత కోడలే, "అయితే బ్రేకులు బాగుంటే పోవచ్చంటారా, మామయ్యగారూ?" అని అడిగింది. బ్రేకులు మాత్రమే చాలవని, ఏ దారిన, ఏ రోజున, ఏ వేళకు పోతున్నామో కూడా చూడాలని చెప్పి, ముందుగా నేనే వెంట వెళ్ళటానికి ఒప్పించాను.

మొదట ఘాటు దారి జోలికి పోలేదు. 2024 జనవరిలో ఒక మంగళవారంనాడు సైకిళ్ళు చిన్న వ్యానులో వేసుకుని ఏర్కాడు చేరి, అక్కడ పైనున్న చుట్టు రోడ్డు పట్టాము. ఊరినుంచి బయలుదేరి తోటలగుండా తిరిగి ఊరికే చేరే ఈ దారి 32 కిలోమీటర్లు. కొత్తగా తొక్కేవారికి నేను చెప్పేది ఇదే. ఘాటులో ఎక్కటమంతా ఒకవైపు, దిగటమంతా ఒకవైపు. ఇక్కడ ఎత్తూ పల్లమూ పక్కపక్కనే వస్తవి. కాలు అలిసేలోపల పల్లం వస్తుంది, పల్లంలో వేగం పెరిగేలోపల మళ్ళీ ఎత్తు వస్తుంది. ఏ ఎత్తు దగ్గరైనా దిగి నడిపించుకు పోవచ్చు. నేను చాలాచోట్ల దిగాను. సిగ్గుపడలేదు.

ఉదయం ఆరున్నరకు చెరువు దగ్గర మంచు నీళ్ళమీదినుంచి లేస్తున్నది. రెండు మూడు కిలోమీటర్లు పోయేసరికి హోటళ్ళు, బొమ్మల దుకాణాలు అన్నీ వెనుకబడినవి. ఆ తరువాత గంటసేపట్లో మాకు ఎదురైనవి ఒక పాలబండి, ఒక జీపు, తోటపనికి నడిచిపోతున్న ఆడవాళ్ళు. అది కాఫీ పండ్లు కోసే కాలం. కళ్ళాలలో ఎర్ర పండ్లు ఆరబోసి ఉన్నవి. పులిసిన పండు వాసన రోడ్డు దాకా వస్తున్నది. అదే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడిన కొద్ది రోజులకు వెళితే తోటంతా తెల్లగా పూచి మల్లెతోటలో నిలుచున్నట్టుంటుంది. ఆ పూత నాలుగైదు రోజుల ముచ్చట.

ఒకచోట మలుపు తిరగ్గానే తోట అంచున రెండు అడవిదున్నలు నిలుచుని ఉన్నవి. మనవరాలు గంట కొట్టబోయింది, వద్దన్నాను. వాటిని తరమకూడదు, దగ్గరకు పోయి ఫోటో తీయకూడదు. దూరంగా ఆగి, అవి తమంతట తాము దాటేదాకా ఉండాలి. మేము పావుగంట ఉన్నాము. సైకిలు చప్పుడు చెయ్యదు గనుక జంతువుకు మన రాక ముందుగా తెలియదు. మలుపుల్లో నెమ్మదిగా పోవటానికి ఇది ఇంకొక కారణం.

ఓపిక మిగిలినవారు శేర్వరాయన్ గుడి ఉన్న శిఖరానికి కూడా పోవచ్చు. ఈ కొండలన్నిటిలోకి అదే ఎత్తు, 5,300 అడుగులకు పైమాట. గుడి ఒక గుహ. తల వంచి లోపలికి పోవాలి. లోపల శేర్వరాయన్‌తో పాటు కావేరి అమ్మ ఉంటుంది. కొండా నదీ పక్కపక్కన పూజలందుకుంటున్నవన్నమాట. మే నెలలో అక్కడ ఉత్సవం జరుగుతుంది. ఊళ్ళో వేసవి పూల ప్రదర్శన కూడా ఆ నెలలోనే గనుక సైకిలువారు మే నెలను మరచిపోవటం మంచిది.

గేర్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బలం లేనివారు కొండ ఎక్కలేరన్న అపోహ మనవాళ్ళలో ఉన్నది. మా నాయన కాలపు సైకిలుకు పెడలు దగ్గర 44 పళ్ళు, వెనుక చక్రానికి 18 పళ్ళు ఉన్నవనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి బండి అయిదు మీటర్లకు పైగా పోతుంది. చదునునేల మీద అది బాగు. కొండమీద ఆ అయిదు మీటర్ల బరువంతా ఒక్క తొక్కుడు మీద పడుతుంది. ఇప్పటి గేరు సైకిలులో ముందు వెనుక పళ్ళు సమానంగా పెట్టుకోవచ్చు. ఒక చుట్టుకు బండి రెండు మీటర్లే పోతుంది, బరువు సగానికంటె తగ్గుతుంది. అదే మూటను ఒకేసారి మోయకుండా రెండు మూడు సార్లుగా మోసినట్టు. వేగం ఉండదు. వేగం ఎవరికి కావాలి?

మరుసటి సంవత్సరం ఘాటు ఎక్కాలని పిల్ల పట్టుబట్టింది. ఈలోగా 2024 ఏప్రిల్ ఆఖరున కొండ దిగుతున్న ఒక బస్సు మలుపు దగ్గర పడిపోయి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వానలకు చరియలు విరిగిపడి దారి మూతపడింది. కోడలు మళ్ళీ వద్దన్నది. ఆమె భయం ఊరికే కాదు. నేను కూడా వాదించలేదు. దారి బాగుపడి, వానలు పూర్తిగా వెనుకపట్టిన తరువాత 2025 ఫిబ్రవరిలో, మళ్ళీ వారం మధ్యరోజు చూసుకుని బయలుదేరాము.

సేలంనుంచి ఏర్కాడుకు 30 కిలోమీటర్ల చిల్లర. అందులో కొండదారి 20 దాకా. ఆ ఇరవైలో ఇరవై పెద్ద మలుపులు. తమిళంలో వీటిని కొండై ఊసి వళైవు అంటారు, అంటే కొప్పులో గుచ్చే సూది వంపు. ప్రతి వంపు దగ్గర అంకె వేసిన బోర్డు ఉంటుంది గనుక పిల్లలకు లెక్కపెట్టుకోవటం ఒక ఆట. మొత్తం మీద నూరు మీటర్లకు అయిదు మీటర్ల చొప్పున ఎక్కుతాము. కొల్లిమలై డెబ్భై వంపులతో పోలిస్తే ఇది సాధువు. క్రింద వెదురు పొదలు, ఎండు అడవి, కోతులు. పైకి పోయేకొద్దీ చల్లదనం, పచ్చదనం. తెల్లవారి వెలుగు వచ్చీ రాగానే అడుగునుంచి కదిలితే, టూరిస్టు కార్లు మొదలయ్యేసరికి మూడువంతులు ఎక్కేయవచ్చు. శనాదివారాలలో మాత్రం వద్దే వద్దు. కుప్పనూరు మీదుగా ఇంకొక దారి ఉన్నది, చుట్టు ఎక్కువ, వంపులు తక్కువ. వేసవి ఉత్సవపు రద్దీలో కొన్ని సంవత్సరాలు కార్లను ఒక దారిన ఎక్కించి రెండోదారిన దింపారు గనుక, ఆ రోజుల్లో అదీ ప్రశాంతంగా ఉండదు.

పిల్ల, మా అబ్బాయి తొక్కారు. నేనూ తమ్ముడూ వ్యానులో వెనుక మెల్లగా వెళ్ళాము. మధ్యలో నాలుగుసార్లు ఆగి, రెండు అరటిపళ్ళు, చింతపండు పులిహోర తిని, మూడు గంటలలో పైకి చేరింది. చెరువు చూసి, "ఇంతేనా?" అన్నది. ఆ మాటకు మా అబ్బాయి ఆయాసంతో జవాబు చెప్పలేకపోయాడు.

ఎక్కటంలో ప్రమాదం తక్కువ. అలిసిపోతే బండి దానంతటదే ఆగుతుంది. దిగేటప్పుడే జాగ్రత్త. అందుకని ఆ పిల్లకు ముందుగా కొన్ని మాటలు చెప్పాము. మలుపుకు ముందే రెండు బ్రేకులూ నొక్కి వేగం తగ్గించాలి, మలుపులో కాదు. దారి పొడుగునా బ్రేకు లేతగా పట్టుకుని ఉండకూడదు. రాపిడికి రిమ్ము కాలిపోతుంది. నొక్కాలి, వదలాలి, మళ్ళీ నొక్కాలి. ఎడమ అంచు విడవకూడదు, వంపును అడ్డంగా కోయకూడదు. బస్సు తిరిగేటప్పుడు రోడ్డంతా దానికే కావాలి; వంపుకు ఇవతలే ఆగి దాన్ని పోనివ్వాలి. ఎక్కే బండికే దారి ఇవ్వాలి. తుంపర పడితే మారుమాట లేకుండా సైకిలు వ్యానులో పెట్టాలి. మూడు వంపులకొకసారి ఆగి రిమ్ము మీద వేలి వెనుకవైపు ఆనించి చూడాలి. వేలు నిలవకపోతే బండి కదలకూడదు.

బయలుదేరేముందు బ్రేకులు తమ్ముడు చూశాడు. ఎవరూ చెప్పలేదు; వాడే వంగి, వంకర చేత్తోనే రబ్బర్లు ఒక్కొక్కటి నొక్కి, తీగ లాగి, చక్రం తిప్పి చూశాడు.

ఏడో నంబరు బోర్డు దగ్గర ఆగినప్పుడు మనవరాలు అడిగింది, "మీరు పడ్డది ఎక్కడ, చిన్నతాతా?" ఆ రోజుల్లో మేము వంపులు లెక్కపెట్టుకోలేదు. ఇదో, దీనికి ముందుదో. తమ్ముడు అటూ ఇటూ చూసి, "ఇక్కడే అయి ఉండాలి. ఈ గోడ అప్పుడు లేదు," అన్నాడు.

"లారీ ఎటునుంచి వచ్చింది?" అని అడిగింది ఆ పిల్ల, కొంటెగా నావైపు చూస్తూ.

తమ్ముడు నవ్వి, వంగి రిమ్ముకు వేలు ఆనించాడు. "ఇంకా కాలుతున్నది. పది నిముషాలు కూర్చోండి," అన్నాడు.