అర్హతలకు కొదవ లేదు, నియామకాలకే కరవు

న్యూఢిల్లీ: విశ్వవిద్యాలయ అధ్యాపక పదవికి ఎవరు అర్హులన్న ప్రశ్నకు గత మూడున్నర దశాబ్దాలలో సమాధానం పలుమార్లు మారింది. అర్హులైనవారిని సకాలంలో నియమిస్తున్నారా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది. ప్రమాణాలపై చర్చ అంతా మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతుండగా, విద్యార్థి భవిష్యత్తును నిర్ణయిస్తున్నది రెండవ ప్రశ్నేనని నియామకాల చరిత్ర చెబుతోంది.

ఉన్నత విద్యలో ప్రమాణాలను నిర్ణయించే అధికారాన్ని 1956 నాటి చట్టం విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘానికి (యు.జి.సి.) అప్పగించింది. వివిధ విశ్వవిద్యాలయాల పి.జి. పట్టాల మధ్య పొంతన లేనందున, లెక్చరర్ పదవికి 1989లో జాతీయ అర్హత పరీక్ష (నెట్) ప్రారంభమైంది. 1991 నిబంధనలు దానిని కనీస అర్హతగా నిర్దేశించాయి. ఆ నిబంధనల చెల్లుబాటును 1994లో సమర్థించిన సుప్రీంకోర్టు, అధ్యాపకులను ఎంపిక చేసుకునే అధికారం మాత్రం విశ్వవిద్యాలయాలదేనని స్పష్టం చేసింది. నెట్‌కు సమానంగా రాష్ట్ర స్థాయి పరీక్షలూ వచ్చాయి. వీటిని ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలంగాణలో ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్నాయి.

మారుతూ వచ్చిన నిబంధనలు

2009 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. పొందినవారికి నెట్ నుంచి మినహాయింపు లభించింది. 2018 నిబంధనలు మరొక అడుగు ముందుకు వేసి, విశ్వవిద్యాలయ శాఖలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి 2021 జూలై నుంచి పిహెచ్.డి.ని తప్పనిసరి చేశాయి. కోవిడ్ నేపథ్యంలో ఆ గడువును 2023 జూలైకి పొడిగించారు. తీరా గడువు సమీపించగానే ఆ షరతునే తొలగించి, నెట్ లేదా రాష్ట్ర స్థాయి పరీక్షను కనీస అర్హతగా ప్రకటించారు. ఉద్యోగ నిబంధనను దృష్టిలో ఉంచుకుని పరిశోధనకు కొన్నేళ్లు వెచ్చించినవారికి ఈ మార్పు ఆశాభంగమే అయింది. 2025 జనవరిలో యు.జి.సి. మరొక ముసాయిదాను విడుదల చేయగా, ఉపకులపతుల నియామకానికి సంబంధించిన అంశాలపై కేరళ, తమిళనాడు తదితర రాష్ట్రాలు తీవ్ర అభ్యంతరం తెలిపాయి.

పరీక్ష నిర్వహణ కూడా విమర్శలకు అతీతంగా లేదు. 2024 జూన్ 18న 9 లక్షల మందికి పైగా అభ్యర్థులు రాసిన నెట్‌ను కేంద్ర విద్యామంత్రిత్వ శాఖ మరునాడే రద్దు చేసింది. ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో తిరిగి నిర్వహించవలసి వచ్చింది.

ఖాళీ కుర్చీలు

అర్హత నిబంధనలు ఇంత నిశితంగా ఉన్నప్పటికీ, 2022 డిసెంబరులో పార్లమెంటుకు అందిన వివరాల ప్రకారం కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో మంజూరైన సుమారు 19 వేల అధ్యాపక పదవులలో 6 వేలకు పైగా ఖాళీగా ఉన్నాయి. అంటే దాదాపు మూడింట ఒక వంతు. నియామక ప్రక్రియను ఆరు నెలలలో పూర్తి చేయాలని యు.జి.సి. 2019లోనే మార్గదర్శకాలు జారీ చేసింది. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పదవులలో 10 శాతానికి మించరాదని 2018 నిబంధనలు చెప్పాయి.

పదవి ఖాళీగా ఉన్నంత మాత్రాన పాఠం ఆగదు. ఆ భారం అతిథి అధ్యాపకులపై పడుతుంది. 2019లో యు.జి.సి. వారికి పాఠానికి రూ. 1,500, నెలకు గరిష్ఠంగా రూ. 50 వేలు గౌరవ వేతనంగా నిర్ణయించింది. ఏడవ వేతన సంఘం ప్రకారం శాశ్వత అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనమే రూ. 57,700. ఏటేటా కొనసాగింపు కోసం ఎదురుచూసే అధ్యాపకుని నుంచి దీర్ఘకాలిక పరిశోధనను ఆశించడం కష్టం.

మదింపు సంస్థకూ మచ్చ

విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసేందుకు బెంగుళూరు కేంద్రంగా 1994లో జాతీయ మదింపు, గుర్తింపు మండలి (నాక్) ఏర్పడింది. అధ్యాపకుల సంఖ్య, అర్హతలు, పరిశోధన దాని గణనలోకి వస్తాయి. అయితే ఉన్నత గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సి.బి.ఐ. గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి చెందినవారితోపాటు నాక్ తనిఖీ బృందం సభ్యులను అరెస్టు చేసింది. గ్రేడ్లకు బదులు గుర్తింపు ఉందా లేదా అని మాత్రమే తేల్చే విధానాన్ని నాక్ అంతకు ఏడాది ముందే ప్రకటించింది.

గ్రేడు విధానం మారినా, అర్హత నిబంధన మారినా, ఖాళీ పదవి తనంతట తాను భర్తీ కాదు. ఆరు నెలల గడువును పాటించని సంస్థను జవాబుదారీ చేయనంత కాలం ఎంతటి కఠిన ప్రమాణమైనా కాగితానికే పరిమితమవుతుంది.