ఆటో స్టార్టర్‌కు తెలియని సంగతి

జనగామ జిల్లా నర్మెట్ట వైపు బోరు కింద సాగు చేసే రైతుకు ఆటో స్టార్టర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కరెంటు ఏ రాత్రివేళ వస్తుందో తెలియని రోజుల్లో అతని నిద్ర కాపాడింది ఆ డబ్బానే. త్రీఫేజ్ వచ్చిందా లేదా చూసుకుని, తనే మోటారు వేసేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలయ్యాక అదే డబ్బాతో చిక్కొచ్చింది. అవసరం లేకున్నా మోటార్లు నడుస్తున్నాయి, నీళ్లు అడుగంటుతాయి, తీసేయండని అధికారులు రైతులను బతిమాలాల్సి వచ్చింది.

డబ్బా తప్పేం లేదు. దానికి కరెంటు సంగతి తెలుసు, మడి సంగతి తెలియదు.

ఆ రెండో సంగతిని కూడా చెప్పగల పరికరాన్ని ఎనిమిదో తరగతి పిల్లలు తయారు చేయగలరు. సెన్సర్‌తో గమనించడం, ప్రోగ్రాంతో తేల్చుకోవడం, బల్బునో బజర్‌నో పనిచేయించడం: ఫిజికల్ కంప్యూటింగ్ అంటే ఇంతే. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో డిజైన్ విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో బోర్డు దీన్ని చవక చేసింది. దాని నమూనాను దాచకుండా అందరి ముందూ పెట్టడంతో ప్రపంచమంతా దానికి మెరుగులు దిద్దింది. 2016లో బీబీసీ బ్రిటన్ బడిపిల్లలకు మైక్రోబిట్ అనే ఇలాంటి చిన్న బోర్డులను దాదాపు 10 లక్షలు ఉచితంగా పంచింది. అదే ఏడాది మన దేశంలో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం, ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. అయితే సామాను వచ్చినంత మాత్రాన చదువు రాదు. ఏ సైన్స్ ప్రదర్శనకు వెళ్లినా అదే స్మార్ట్ చెత్తబుట్ట మూత తెరిచి పలకరిస్తుంది!

చల్క నేల ఉన్న చోట చెత్తబుట్ట ఎందుకు? రెండు ఇనుప మేకులు, ఒక రెసిస్టర్, ఒక బోర్డు చాలు. తడి మట్టిలో కరెంటు సులువుగా పారుతుంది, ఎండు మట్టిలో పారదు. ఆ తేడాను బోర్డు 0 నుంచి 1023 వరకు ఒక అంకెగా చూపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. 600 అంటే మడికి నీళ్లు చాలినట్టా, చాలనట్టా? చల్కలో వచ్చిన అంకె నల్లరేగడిలో రాదు. మట్టిలో ఎరువుల లవణాలు ఎక్కువున్నా అంకె పెరిగిపోతుంది. మేకులకు ఎడతెగకుండా కరెంటు ఇస్తే అవి తుప్పు పట్టి అరిగిపోతాయి, కాబట్టి కొలిచే క్షణంలోనే ఇవ్వాలి. పుస్తకంలో దొరకని జవాబు ఊళ్లో దొరుకుతుంది. పిడికెడు మన్ను పిసికి పదును చెప్పే రైతును తరగతికి పిలిచి, ఆయన 'చాలు' అన్న మట్టిలో మేకులు గుచ్చితే, ఆ చేనుకు గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది. మోటారు జోలికి మాత్రం పిల్లలు పోకూడదు. అది 415 వోల్టుల వ్యవహారం. వాళ్లు బోర్డు మీద బల్బు వెలిగించే దాకా చేస్తే, ఆపైన ఏముంటుందో బోరు మెకానిక్ చెబుతాడు.

ఊరి అనుభవంలోంచి యంత్రం పుట్టిన కథ జనగామ పక్కనే ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి, ఒక చీరకు ఆసు పోయాలంటే (నేతకు ముందు నూలు చుట్టాలంటే) వేల సార్లు చేయి ఆడించాల్సి వచ్చేది. ఆ నొప్పి చూసి, ఇంజనీరింగ్ చదవని ఆ నేత కుటుంబం పిల్లవాడు ఏళ్ల తరబడి పెనుగులాడి 1999లో ఆసు యంత్రం చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు సమస్య ఇంట్లోనే ఉంది. లేనిదల్లా పాఠం చెప్పేవాళ్లు, విడిభాగాలు, డబ్బు.

ఇప్పుడు ఆ మూడూ కొంతవరకు బడి దాకా వస్తున్నాయి. ఊళ్లలోని ఆవిష్కర్తలను వెతికి పంద్రాగస్టుకు జిల్లా కేంద్రాల్లో చూపించే 'ఇంటింటా ఇన్నోవేటర్' కార్యక్రమాన్ని రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో మొదలుపెట్టింది. సైన్స్ టీచర్లూ, ఈసారి కిట్టు విప్పే ముందు ఒక రైతును, ఒక బోరు మెకానిక్‌ను బడికి పిలవండి. ఏం చేయాలో పిల్లలు వాళ్లను అడిగి తేల్చుకుంటారు.