ఇల్లు ఖాళీ చేసి చూడు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. పాపం, వాళ్ళెవరూ దుబాయ్ రాలేదు. వచ్చి ఉంటే "అద్దె ఇల్లు ఖాళీ చేసి చూడు" అని మూడోది కూడా కలిపేవారు!

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ లో మేము ఆరేళ్ళు ఉన్నాం. మనవాళ్ళంతా డి.ఐ.పి. అని పిలుచుకునే ఈ పేట 1997లో మొదలైంది. సుమారు 2,300 హెక్టార్లు. ఒకవైపు ఫ్యాక్టరీలు, గిడ్డంగులు, లేబర్ క్యాంపులు. ఇంకోవైపు గ్రీన్ కమ్యూనిటీ చెట్లు, అపార్ట్‌మెంట్లు. ఎక్స్‌పో వైపు వెళ్ళే మెట్రో కూడా 2021లో వచ్చేసింది. ఫ్యాక్టరీ ఇంజనీరు నుంచి స్టోర్ కీపర్ దాకా మన తెలుగువాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. సాయంత్రం పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే, ఏదో ఒక బాల్కనీలోంచి "ఒరేయ్, అన్నానికి రా!" అన్న కేక వినబడుతుంది.

అలాంటి చోటు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. మావారికి అబూధాబీకి బదిలీ అయింది.

మేం చేసిన తప్పు

మా అద్దె ఏడాదికి 60,000 దిర్హామ్‌లు. 2023 సెప్టెంబర్ లో కాంట్రాక్టు రెన్యూ చేసుకున్నప్పుడు ఒక్కొక్కటి 15,000 చొప్పున నాలుగు చెక్కులు ముందే రాసిచ్చాం. సెప్టెంబర్, డిసెంబర్ చెక్కులు పాసయ్యాయి. మార్చి, జూన్ చెక్కులు ఓనరు దగ్గరే ఉన్నాయి. మొదట్లో కట్టిన డిపాజిట్ 3,000 కూడా ఆయన దగ్గరే ఉంది.

గడువు కంటే ముందే ఖాళీ చేస్తే రెండు నెలల నోటీసు ఇచ్చి, రెండు నెలల అద్దె, అంటే 10,000, పెనాల్టీ కట్టాలని మా కాంట్రాక్టులో ఉంది. డిసెంబర్ లోనే ఈ-మెయిల్ లో నోటీసు ఇచ్చాం. ఫిబ్రవరి నెలాఖరుకు ఖాళీ చేశాం. అంతవరకూ బాగానే ఉంది.

తాళాలు మాత్రం బిల్డింగ్ నాతూర్ చేతిలో పెట్టి వచ్చేశాం. "ఆఫీసులో ఇచ్చేస్తాను, మిగిలిన లెక్క వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు. ఆరేళ్ళ పరిచయం కదా అని నమ్మాం. రసీదు అడగలేదు. ఎజారీ రద్దు చేయించలేదు. చెక్కులు వెనక్కి తీసుకోలేదు. నోటి మాట నీటి మూట అని తెలిసి కూడా!

మార్చి 1న మావారి ఫోన్ కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఓనరు ఆఫీసువాళ్ళు మార్చి చెక్కు వేసేశారు. ఖాతాలో ఉన్నది 6,200. మొత్తం పట్టుకుపోయింది. అది మా అమ్మాయి స్కూలు ఫీజుకని దాచిన డబ్బు.

తర్వాత రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. "తాళాలు మాకు అందినట్టు రికార్డు లేదు. ఎజారీ నడుస్తూనే ఉంది. కాబట్టి మీరు ఖాళీ చేసినట్టు కాదు. మార్చి చెక్కులో మిగిలిన 8,800 వెంటనే కట్టండి. జూన్ చెక్కు 15,000 తేదీకి వేస్తాం. రంగులకూ, క్లీనింగ్ కూ 2,500." మొత్తం 26,300! మా డిపాజిట్ ఊసే లేదు.

ఆ రాత్రి నిద్ర లేదు

మే నెలలో రాజమండ్రిలో మా తమ్ముడి పెళ్ళి. చెక్కు బౌన్స్ అయితే జైలేనని పాత రోజుల్లో విన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. ఎయిర్‌పోర్ట్ లో పిల్లల ముందు ఆపేస్తే? ఆ రాత్రి మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. "అడిగింది కట్టేసి వదిలించుకుందాం" అని ఆయన. "ఎందుకు కట్టాలి?" అని నేను.

మర్నాడు మన సంఘంలో అందరూ బాబాయ్ గారని పిలుచుకునే ఒక పెద్దాయనకు ఫోన్ చేశాం. ముప్ఫై ఏళ్ళుగా ఈ గడ్డ మీద ఉన్నారు. అంతా విని, "భయపడకమ్మా. పోట్లాడకు కూడా. ఉన్న కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని రా" అన్నారు. ఆయన, ఆయనకు తెలిసిన ఒక లాయరు కలిసి చెప్పిన సంగతులు మీ అందరికీ ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

చట్టం ఏమంటోంది?

దుబాయ్ లో ఓనరుకూ, అద్దెకున్నవారికీ మధ్య వ్యవహారమంతా 2007 నాటి 26వ నంబరు చట్టం కింద నడుస్తుంది. 2008లో 33వ నంబరు చట్టంతో దాన్ని సవరించారు. గడువు మధ్యలో ఒక్కరే నిర్ణయించి కాంట్రాక్టు తెంచుకోవడానికి ఈ చట్టం ఒప్పుకోదు. ఓనరుకైనా, మనకైనా అంతే. మా కాంట్రాక్టులో పెనాల్టీ షరతు ఉండటమే మాకు రక్ష అయింది. ఇన్నాళ్ళూ దాన్ని శిక్ష అనుకున్నాం!

గడువు తీరాక డిపాజిట్ గానీ, న్యాయమైన ఖర్చులు పోగా మిగిలినది గానీ ఓనరు తిరిగి ఇవ్వాలి. ఇల్లు తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలోనే మనం అప్పగించాలి. అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మన తప్పు కాదు. ఆరేళ్ళలో గోడ రంగు వెలిసిపోతే అది కాలం చేసిన పని. అలమార తలుపు విరిగితే మాత్రం మన పనే.

చెక్కుల సంగతి. 2022 జనవరి 2 నుంచి, ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగి వచ్చినంత మాత్రాన క్రిమినల్ కేసు కాదు. ఖాతాలో ఎంత ఉంటే అంత బ్యాంకు చెల్లించాలి. మా 6,200 పోయింది అందుకే. అలాగని ధీమా పనికిరాదు. చెక్కు పట్టుకున్నవారు మిగతా సొమ్ము కోసం నేరుగా అమలు కోర్టుకు వెళ్ళవచ్చు. ప్రయాణ నిషేధం కూడా కోరవచ్చు. చెక్కు పాసవకుండా కావాలని ముందే ఖాతా మూసేయడం లాంటివి ఇప్పటికీ నేరమే.

తగువు తేలకపోతే వెళ్ళాల్సింది అద్దె వివాదాల పరిష్కార కేంద్రానికి. 1993 నుంచి ఈ పని చూసిన ప్రత్యేక న్యాయ కమిటీని మనవాళ్ళు రెంట్ కమిటీ అనేవారు. దాని స్థానంలో 2013లో 26వ నంబరు డిక్రీతో, దుబాయ్ భూమి శాఖ కింద ఈ కేంద్రం వచ్చింది. ముందు రాజీ విభాగం ఉంటుంది. 15 రోజుల్లో ఇరుపక్షాలనూ ఒప్పించాలని చూస్తారు. కుదరకపోతే విచారణ. లక్ష దిర్హామ్‌ల లోపు వివాదాల్లో చాలావరకు మొదటి తీర్పే ఆఖరు తీర్పు. ఫీజు మామూలుగా ఏడాది అద్దెలో 3.5 శాతం, కనీసం 500. మా లెక్కన 2,100. కాగితాలకు అరబీ అనువాదం ఖర్చు అదనం.

"కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట" అని బాబాయ్ గారు నవ్వారు. "కేసు వేయడానికి సిద్ధంగా ఉండండి. కానీ ముందు ఆ ఫైలుతో వాళ్ళ ఎదురుగా కూర్చోండి."

బల్లకు అటూ ఇటూ

ఫైల్లో ఏమున్నాయి? డిసెంబర్ లో పంపిన నోటీసు. ఫిబ్రవరి నెలాఖరు తేదీతో కరెంటు, నీళ్ళ తుది బిల్లు. సామాను లారీ రసీదు. సామాను బయటికి తీసుకెళ్ళడానికి ఆ బిల్డింగువాళ్ళే ఇచ్చిన గేట్ పాస్. అబూధాబీ ఇంటి కాంట్రాక్టు. ఆఖరిగా మా అమ్మాయి తీసిన ఫోటోలు. అయిదో క్లాసు పిల్ల. ఇల్లు వదలలేక, వెళ్ళేరోజు ప్రతి గదికీ "బై" చెబుతూ నా ఫోన్ తో నలభై ఫోటోలు తీసింది. ఖాళీ గోడలు, శుభ్రంగా ఉన్న వంటగది, తారీఖుతో సహా అన్నీ ఉన్నాయి. వాటిలోనే విరిగిన అలమార తలుపు కూడా ఉంది. మావాడు దానికి వేలాడి ఊగిన ఫలితం. ఫోటో ఎవరి పక్షమూ వహించదు!

ఓనరు ఆఫీసులో లెక్కలు చూసే పెద్దాయన ముందు గట్టిగానే మాట్లాడారు. మేం గొంతు పెంచలేదు. ఒక్కొక్క కాగితం బల్ల మీద పెట్టాం. గేట్ పాస్ మీద వాళ్ళ బిల్డింగ్ ముద్ర చూసి ఆయన ఆగారు. "రెండు నెలల పెనాల్టీ మేం ఇవ్వాలి, ఇస్తాం. తలుపు మేమే విరగ్గొట్టాం, ఇస్తాం. రంగులకు ఇవ్వం. ఖాళీ చేసిన ఇంటికి అద్దె ఇవ్వం. కుదరకపోతే సోమవారం కేసు వేస్తాం" అన్నారు మావారు.

వాళ్ళకూ ఒక అవసరం ఉంది. పాత ఎజారీ రద్దు కాకుండా అదే ఫ్లాటుకు కొత్త ఎజారీ రాదు. కొత్తగా వచ్చేవారికి కరెంటు కనెక్షన్ రాదు. ఇల్లు ఖాళీగా ఉంటే నష్టం వాళ్ళకే.

రెండుసార్లు టీ వచ్చింది. లెక్క ఇలా తేలింది. పెనాల్టీ 10,000, తలుపుకు 400, మొత్తం 10,400. అందులో డిపాజిట్ 3,000, ముందే పోయిన 6,200 తీసేస్తే మేం ఇవ్వాల్సింది 1,200. అక్కడే కట్టాం. జూన్ చెక్కు, తిరిగొచ్చిన మార్చి చెక్కు రెండూ చేతికి తీసుకున్నాం. ఎజారీ రద్దు కాగితం మీదా, ఇక ఎవరికీ ఎవరూ బాకీ లేరన్న పత్రం మీదా సంతకాలయ్యాయి. 26,300 ఎక్కడ, 1,200 ఎక్కడ! మే నెలలో పెళ్ళికి వెళ్ళాం. ఎయిర్‌పోర్ట్ లో ఎవరూ ఆపలేదు.

ఇల్లు ఖాళీ చేసేవారు మరిచిపోకూడనివి

1. నోటీసు రాతలోనే ఇవ్వండి. కాంట్రాక్టులో ముందస్తు ఖాళీ షరతు ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి.
2. తాళాలు ఆఫీసులో ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి.
3. కరెంటు, నీళ్ళ తుది బిల్లు కట్టి, ఎజారీ రద్దు చేయించండి.
4. వాడని చెక్కులు వెనక్కి తీసుకోకుండా గడప దాటకండి.
5. షేరింగ్ లో ఉండేవారు, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడో లేదో ముందే అడగండి. ఒప్పుకోకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం.
6. ఇండియా వెళ్ళిపోయినవారు ఇక్కడి మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి కేసు నడపవచ్చు. దానికి ధృవీకరణలు చాలానే కావాలి. కాబట్టి విమానం ఎక్కకముందే తేల్చుకోవడం మేలు.

ఇది మా అనుభవం మాత్రమే. మీ కాంట్రాక్టు వేరుగా ఉండొచ్చు. తప్పకుండా లాయరును అడగండి.

పిల్లలూ, ఇది మీకు!

ఎజారీ అంటే అరబీలో "నా అద్దె" అని అర్థం. 2010లో మొదలైన ఈ పద్ధతిలో ప్రతి అద్దె కాంట్రాక్టూ ప్రభుత్వం దగ్గర నమోదవుతుంది. కొత్త ఇంట్లోకి వెళ్ళిన మొదటి రోజే, సామాను దించకముందు, అమ్మ ఫోన్ తో ప్రతి గదికీ నాలుగు గోడలూ ఫోటో తీయండి. గీతలు, పగుళ్ళు, కారే కుళాయిలు వెతకండి. ఎవరికి ఎక్కువ దొరికితే వాళ్ళకు ఐస్‌క్రీం. ఆ తర్వాత అలమార తలుపులకు మాత్రం వేలాడకండి!

మొన్న అబూధాబీలోనే మరో ఫ్లాటుకు మారాం. నేను పాలు పొంగించే హడావుడిలో ఉంటే, మా అమ్మాయి ఫోన్ పట్టుకుని గదిగదికీ తిరిగింది. బెడ్‌రూమ్ లోంచి అరిచింది: "అమ్మా! ఇక్కడ గోడ మీద గీత ఉంది. ఇది మనది కాదు, రాసుకో!"

రాసుకున్నాను. తేదీ వేసి, ఓనరుకు మెయిల్ కూడా పెట్టాను.