కొవ్వొత్తుల పని అయ్యాకే అసలు జాగ్రత్త

క్రిస్మస్ దగ్గర పడిందంటే మన సంఘ కుటుంబాలలో చాలామంది ఇంట్లోనే కొవ్వొత్తులు పోయడం మొదలుపెడతారు. కొందరు ఆరాధన కోసం, కొందరు నాలుగు డబ్బులు వస్తాయని. మంచిదే. అయితే ఒక నర్సుగా మీతో ఒక మాట చెప్పాలి.

మా డ్రెస్సింగ్ గదికి వచ్చిన ఒక తల్లిని నేను మరచిపోలేను. కొవ్వొత్తులు పోసినంతసేపూ ఆమెకు ఏమీ కాలేదు. ఆ తరువాత అచ్చులకు అంటుకున్న మైనం వదలడం లేదని గుడ్డను కిరోసిన్‌తో తడిపి తుడిచింది. పక్కనే స్టవ్ సన్నగా వెలుగుతోంది. రెండు చేతులూ కాలాయి. "పని అయిపోయిందనుకున్నానమ్మా" అన్నది. పోసేటప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం. శుభ్రం చేసేటప్పుడే ఏమరుపాటు వస్తుంది.

మొదట స్టవ్ ఆర్పండి

సిలిండర్ రెగ్యులేటర్ కూడా కట్టేయండి. నైలాన్ చీర వద్దు, నూలు బట్టలు కట్టుకుని కొంగు దోపుకోండి. పిల్లలను దూరంగా ఉంచండి. కిరోసిన్, పెట్రోలు, టర్పెంటైన్ ఈ పనికి వాడనే వాడకండి.

మైనం గిన్నె

కొవ్వొత్తుల మైనం సుమారు 50 నుండి 65 డిగ్రీల సెల్సియస్ వేడికే కరుగుతుంది. కాబట్టి శుభ్రం చేయడానికి మంట అక్కరలేదు, వేడినీళ్లు చాలు. మిగిలిన మైనాన్ని కరిగి ఉండగానే కాగితపు కప్పులో పోసి, గిన్నె గోరువెచ్చగా ఉన్నప్పుడే పాత న్యూస్ పేపరుతో లోపల తుడవండి. మైనం అంటిన కాగితం భగ్గున మండుతుంది, పొయ్యి దగ్గర ఉంచకండి. ఈ గిన్నెను, గరిటెను మళ్లీ వంటకు వాడవద్దు. మైనంలో కలిపిన రంగులు, సెంట్లు కడుపులోకి పోకూడదు.

అచ్చులు

అల్యూమినియం అచ్చులను విడదీసి, దింపిన వేడినీళ్లలో కాసేపు ఉంచండి. మైనం కరిగి పైకి తేలుతుంది. అచ్చులను పట్టకారుతో తీసి పాత నూలుగుడ్డతో తుడవండి. చాకుతో, బ్లేడుతో గీకకండి. గీత పడిన చోట తరువాతి కొవ్వొత్తి అంటుకుపోతుంది. ప్లాస్టిక్, రబ్బరు అచ్చులకు గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు. వత్తి రంధ్రాలను అగ్గిపుల్లతో శుభ్రం చేసి, అచ్చులను పూర్తిగా ఆరబెట్టి, రెండు సగాలూ కలిపి బిగించి దాచండి. మళ్లీ పోసే ముందు లోపల కొబ్బరి నూనె పలుచగా రాస్తే కొవ్వొత్తి సులువుగా ఊడివస్తుంది.

ఆ నీళ్లు సింకులో పోయకండి

మైనం గొట్టంలో గడ్డకట్టి పూడుకుపోతుంది. నీళ్లు చల్లారనివ్వండి. మైనం మీగడలా పైన పేరుకుంటుంది. దాన్ని తీసి, బాగా ఆరబెట్టిన తరువాతే మళ్లీ కరిగించండి. వేడి నూనెలో తడి కరివేపాకు వేస్తే ఎలా చిట్లుతుందో, తడి మైనం వేడెక్కినా అలాగే ముఖం మీదికి చిట్లుతుంది.

మంట అంటుకుంటే

మైనం పొగలు కక్కితే వెంటనే స్టవ్ ఆర్పండి. గిన్నెలో మంట లేస్తే నీళ్లు పోయవద్దు, మంట ఎగసి మీ మీదికే వస్తుంది. గిన్నెను ఎత్తుకుని పరుగెత్తవద్దు. చేతనైతే మూత పెట్టండి. లేకపోతే అందరినీ బయటకు పంపి 101కి ఫోన్ చేయండి.

చేయి కాలితే

వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చల్లని నీళ్లు పారనివ్వండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. అంటుకున్న మైనాన్ని పీకకండి, చర్మం ఊడివస్తుంది. పేస్టు, సిరా, పసుపు పూయకండి. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి రండి. చిన్నపిల్లలకైనా, ముఖం, చేతులు, కీళ్ల మీదైనా గాయం చిన్నదని ఇంట్లో ఉండిపోకండి.

ఆ తల్లి చేతివేళ్లు మామూలుగా ముడవడానికి నెలల తరబడి వ్యాయామం కావలసివచ్చింది. చివరి అచ్చు తుడిచి అటక మీద పెట్టేవరకు పని అయిపోలేదనుకోండి. మన గుడిలో వెలిగే దీపం కోసం ఎవరి చేయీ కాలకూడదని నా ప్రార్థన. ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్