కదలని ముక్కాలి: పెద్ద ఫిల్ము కెమెరాకు స్టాండు నెంచుట

పెద్ద ఫిల్ము కెమెరాతో ఛాయాచిత్రములు దీయ నుత్సహించు విద్యార్థులు కొందఱు మొదట లెన్సును గూర్చియు, పిదప కెమెరా వెలను గూర్చియు అడుగుదురు. కెమెరాను నిలుపు ముక్కాలిని గూర్చి అడుగువారు మిక్కిలి అరుదు. తలిదండ్రు లిచ్చిన సొమ్మంతయు కెమెరాకే వ్యయపఱచి, మిగిలిన చిల్లరతో సన్నని స్టాండును గొనుట వాడుకయైనది. ఇట్లు చేయుట నష్టహేతువు. ఏలననగా, పెద్ద కెమెరాలో చిత్రపు స్పష్టత లెన్సునం దెంత గలదో స్టాండు పాదములయందును అంతయే గలదు.

దీనికి గల కారణమును కొంచెము లెక్కతో జూతము. ఈ కెమెరాలలో నుపయోగించు ఫిల్ము ఱేకులు 4 అంగుళముల వెడల్పు, 5 అంగుళముల పొడవు మొదలుకొని 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు వఱకు ఉండును. ఱేకు పెద్దదగుకొలది, ముందు వరుసలోని బాలురును వెనుక వరుసలోని బాలురును ఒక్కసారిగా స్పష్టముగా బడవలయునన్న లెన్సు రంధ్రమును మిక్కిలి చిన్నది చేయవలసి వచ్చును. మంచి యెండలో, 100 వేగముగల ఫిల్మునకు, రంధ్రము 16వ అంకెయొద్ద నుండగా సెకనులో నూఱవవంతు కాలము చాలును. రంధ్రమును 32వ అంకెకు దగ్గించినచో వెలుతురు నాల్గవవంతగును గనుక సెకనులో ఇరువదియైదవవంతు కావలయును. అదే బృందమును చెట్టునీడకు జేర్చినచో వెలుతురు మఱి యెనిమిదవవంతునకు దిగిపోయి, సుమారు సెకనులో మూడవవంతు కాలము లెన్సు తెఱచి యుంచవలసివచ్చును. అంతసేపు బాలురు కదలకుండ నిలిచినను స్టాండు వణికినచో ఒక్క ముఖమైనను దక్కదు. ఆ యేడు బడి విడిచిపోవు పిల్లలను మరల ఒక్కచోట జేర్చుట యెవ్వరితరము?

స్టాండునకు కాళ్లు మూడే యేల? నాలుగుకాళ్ల బల్ల గచ్చు సమముగా లేనిచోట నూగుట మీరెఱుగుదురు. ఏ మూడు బిందువులైనను ఒక్క తలమున నిమిడి యుండును. నాల్గవది యా తలమునకు పైకో క్రిందికో పోవచ్చును. కావున మూడుకాళ్లది ఎగుడుదిగుడు నేలమీదను ఊగదు. అయితే కెమెరా బరువు ఆ మూడు పాదముల నడుమ బడునంతవఱకే అది నిలుచును. బరువు పాదముల హద్దు దాటినచో బోర్లబడును.

మన ధవళేశ్వరపు ఆనకట్ట కథ యిచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనదగినది. బండమీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని ఉపమానము మనకందఱకు దెలియును. కాని గోదావరి గర్భమున నున్నది యిసుకయే. 1847లో పని మొదలిడి 1852లో ముగించిన సర్ ఆర్థర్ కాటన్ దొర ఇసుకలో బావులు దింపి, వానిపై గోడ నిలిపి, దిగువను వెడల్పైన రాతిపఱపు పఱపించెను. గట్టినేల దొరకనిచోట విశాలమైన పీఠమును, తగినంత బరువును ఆధారములని దీనివలన దెలియుచున్నది. స్టాండు విషయమునను ఇదియే సూత్రము.

చెన్నపట్టణపు రాజధానిలో ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నుండిన లినేయస్ ట్రైప్ 1858లో తంజావూరి బృహదీశ్వరాలయపు శాసనములను 21 భాగములుగా దీసి, వాని నొకదాని ప్రక్క నొకటి యతికి సుమారు 19 అడుగుల పట్టముగా జేసెను. కెమెరా యెత్తుగాని వంపుగాని యొక భాగమునకును మఱియొక భాగమునకును మారినచో అక్షరముల వరుసలు కలియునా?

ఇక స్టాండు నెంచు విధము. మొదట కెమెరాను, లెన్సును, ఫిల్ము పెట్టెను కలిపి తూచవలయును. అవి 3 కిలోలైనచో 6 కిలోలకు దగ్గకుండ మోయుదానిని గొనుడు. కొయ్యకాళ్లు వణకును త్వరగా నణచును గాని బరువెక్కువ. అల్యూమినియము చౌక. కార్బను నారతో చేసినవి తేలికయై గట్టివి గాని వెల యెక్కువ. నడిమి కడ్డీ నెత్తిన కొలది స్థిరత తగ్గును. కావున ఆ కడ్డీ నెత్తకయే కంటి యెత్తునకు వచ్చుదానిని జూడుడు. తలభాగమున ముందువెనుకలకు, ప్రక్కలకు, చుట్టును వేఱువేఱు పిడులతో ద్రిప్పునది పెద్ద కెమెరాకు మేలు. గుండుతలను సడలించినప్పుడు కెమెరా ఒక్కసారిగా వాలిపోవు భయము గలదు. బిగించు మరయు చూడవలయును: చిన్న కెమెరాలకు పావు అంగుళపు మర, పెద్దవానికి తఱచుగా అంగుళములో ఎనిమిదింట మూడువంతుల మర యుండును.

కాలువలు, గట్లు కొలుచువారి సర్వే స్టాండును ఈ యూర జూడనివారుండరు. కొయ్యతో జేసినదైనచో అది పెద్ద కెమెరాకు మిక్కిలి తగినది. దాని యినుప మొనలను కాలితో ద్రొక్కి నేలలో దింపవచ్చును. దాని మర అంగుళములో ఎనిమిదింట అయిదువంతులది గనుక, నడుమ నొక జోడింపు బిళ్లను లేతు పనివానిచేత జేయించుకొని, పైన తలభాగమును బిగించుకొనవలయును. పాతది చౌకగా దొరకినచో పేద విద్యార్థికి దీనిని మించినది లేదు.

కొనుటకు ముందు పరీక్ష యొకటి చేయుడు. కాళ్లు పూర్తిగా సాచి, పైభాగమును చేతితో నొక్కి మెలిపెట్టుడు. కీళ్లు సడలినచో విడిచిపెట్టుడు. పిమ్మట దానిపై నీళ్ల గ్లాసు నుంచి కాలిని వ్రేలితో దట్టుడు. నీటి యలలు వెంటనే యణగినచో మంచిది. చాలసేపు నిలిచినచో చెడ్డది.

నిలుపునప్పుడు ఒక కాలు లెన్సు వైపునకు చాచి, మిగిలిన రెంటినడుమ మీరు నిలువుడు. ఏటవాలు గట్టుమీద రెండుకాళ్లు పల్లమునకు ఉంచుడు. లంకల యిసుకలో ప్రతి పాదము క్రింద చెక్కబిళ్ల వేయుడు. వాన వెలిసిన నల్లరేగడిలో ఒక కాలు మెల్లగా దిగును గనుక, ఫిల్ము పెట్టుటకు ముందు మరల సరిచూడుడు. గచ్చుమీద మొనలు జాఱును. రబ్బరు పాదములు కావలయును. గోదావరి గాలికి కెమెరా తిత్తి తెరచాపవలె నగును; ఇసుక సంచిని నడుమ వ్రేలాడగట్టి, అది నేలకు దగులునట్లు దింపుడు. బరాజు మీది త్రోవలో బండ్లు పోవునప్పుడు కట్టడమే యదరును. అచ్చట ఎంత మంచి స్టాండైనను వ్యర్థము, గట్టుమీదికి రండు.

ఒక్క మాట మఱువకుడు. భారమని యింట విడిచిపెట్టిన స్టాండు ఎంత గట్టిదైనను నిష్ఫలము. మీ భుజము మోయగలిగినంతలో గట్టిదానిని గొనుడు. కెమెరాను ముందుముందు మార్చుకొనవచ్చును. మంచి ముక్కాలి మీ తరువాత మీ తమ్ములకును చెల్లెండ్రకును ఉపయోగపడును. తలిదండ్రులు సొమ్మిచ్చునప్పుడు ఈ క్రమమును మనస్సున నుంచుకొందురుగాక.